మణికుమారి ఏ గదిలో ఉన్నట్టు?

నర్సుల్ని దేవదూతలనడం మనవాళ్ళకు అలవాటైపోయింది. నర్సుల దినం రాగానే ఎవరో ఒకరు మైకు పుచ్చుకుని ఆ మాట అనేస్తారు. ఎదురుగా కూర్చున్న నర్సులు ఆవులింత దాచుకుని చప్పట్లు కొడతారు. ఆ పొగడ్తలో ఒక సౌకర్యం ఉంది. దేవదూతలకు నిద్ర అక్కర్లేదు కాబట్టి డ్యూటీ ఎంతసేపైనా వెయ్యొచ్చు. ఒమాన్ దేశంలోని బర్కాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మగవాళ్ళ వార్డులో నైట్ డ్యూటీ చేసే మణికుమారికి మాత్రం నిద్ర కావాలి. ఆవిడకు అంతకుమించి పెద్ద కోరికలేమీ లేవు. ఆవిడ బతుకు కథ చెప్పమంటే పగటి నిద్ర కోసం చేసిన యుద్ధం గురించి చెప్పాల్సిందే. మిగతాదంతా అందరి కథలాంటిదే.

పాలకొల్లు దగ్గరి పల్లె ఆవిడది. మిషన్ ఆసుపత్రిలో నర్సింగు చదివి, కొన్నాళ్ళు భీమవరంలో పనిచేసి, పెళ్ళయ్యాక మొగుడితో పాటు ఒమాన్ వచ్చింది. నైట్ డ్యూటీ కోరి తెచ్చుకున్నదే. పగలు వార్డులో రోగులకంటే రోగుల చుట్టాలెక్కువ, చుట్టాల గోలకంటే మేట్రన్ గొంతెక్కువ. రాత్రి రోగులు మాత్రమే మిగులుతారు. వాళ్ళను నిద్రపుచ్చితే సగం వైద్యం అయిపోయినట్టే. జాలర్లు, ఖర్జూరం తోటల్లో పనిచేసే బెంగాలీలు, లారీలు నడిపే పఠాన్లు, ఎవరికైనా సరే వాళ్ళ భాషలోనే 'ఇక పడుకో' అని చెప్పగలదు. అరబ్బీలో ఆవిడకు తడుముకోకుండా వచ్చేది ఆ ఒక్క మాటే.

పొద్దున్నే ఆసుపత్రి బస్సు దిగి ఇంటికొచ్చాక తను పడుకోవాలి. అందుకు రెండే షరతులు. గది చల్లగా ఉండాలి. ఎవరూ చప్పుడు చేయకూడదు. బర్కా ఎండల్లో మొదటిదానికి ఏసీ చాలు. రెండోదానికి అత్తగారు ఊరెళ్ళాలి.

అత్తగారి పేరు అబిగైల్. నరసాపురం నుంచి కొడుకు దగ్గరికొచ్చిన మనిషి. పచ్చడి మిక్సీలో తిరగనిదే ఆవిడకు తెల్లారదు. కొడుకు జెరెమియా ఏసీలు మరమ్మతు చేసే కంపెనీలో సూపర్‌వైజరు. పగలంతా ఊళ్ళోవాళ్ళ ఏసీలు బాగుచేసి, సాయంత్రం ఇంటికొచ్చి సొంత ఏసీని పాడుచేస్తాడని మణికుమారి ఫిర్యాదు. చెడ్డవాడు కాదు. చేతిలో స్క్రూడ్రైవరు, ముందు ఫోనులో వీడియో ఉంటే అన్నం కూడా అడగడు. అలాంటివాడికి 2016 ఎండాకాలంలో ఒక ఆలోచన వచ్చింది. ఏ గదిలో ఎవరున్నారో ఇల్లు తనంతట తనే కనిపెట్టాలి.

పద్ధతి వినడానికి తేలికే. నడకలు లెక్కపెట్టే బ్లూటూత్ బ్యాండు ఒకటి మనిషి ఒంటిమీద ఉంటుంది. అది ఊరుకోకుండా తన పేరు తాను అరుస్తూనే ఉంటుంది. ఆ అరుపు మన చెవికి వినపడదు. గదికొకటి చొప్పున జెరెమియా గోడకు తగిలించిన చిన్న కంప్యూటరు బోర్డులకు వినపడుతుంది. ఏ బోర్డుకు గట్టిగా వినపడితే మనిషి ఆ గదిలో ఉన్నట్టు. మనిషున్న గదిలో లైటు, ఏసీ వెలుగుతాయి. లేని గదిలో ఆరిపోతాయి. అన్నీ జెరెమియా ఫోనులో కనపడుతుంటాయి, ఎంత దూరాన సైట్‌లో ఉన్నా సరే.

భార్య కోసం ఆయన ప్రత్యేకంగా ఒక రూలు రాశాడు. పగటిపూట మణి బ్యాండు కాసేపు పడకగదిలో ఉందంటే మణి పడుకున్నట్టు. అప్పుడు ఏసీ చల్లగా తిరగాలి. వంటింట్లో మిక్సీ ప్లగ్గుకు, హాల్లో టీవీ ఉన్న ప్లగ్గుకు కరెంటు ఆగిపోవాలి. పెళ్ళాం నిద్ర కోసం తల్లి మిక్సీ నోరు నొక్కిన కొడుకులు కోస్తా జిల్లాల్లో అరుదు. ఇది ప్రేమేనని ఒప్పుకోవాలి.

ప్రేమతో పాటు పట్టుదల కూడా వచ్చింది. ఏసీ రిమోట్లన్నీ పట్టుకెళ్ళి కంపెనీ లాకర్లో పెట్టేశాడు. గోడ మీది స్విచ్చులకు టేపు వేసేశాడు.

"ఒక్క రిమోటు ఉంచండి. నొక్కుకుని పడుకుంటాను" అంది మణికుమారి.

"నొక్కుకునేదయితే ఇంక ఆటోమేషన్ దేనికి మణీ?"

"నేనూ అదే అడుగుతున్నానండి."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆవిడ నవ్వలేదు.

చిక్కు మొదటిరోజే వచ్చింది. బ్యాండు కట్టుకోవాల్సింది చేతికి. నర్సులు చేతికి ఏమీ కట్టుకోకూడదు. గాజులు, వాచీ, దారం ఏదైనా సరే మేట్రన్ ఒలిపించేస్తుంది. అందుకే వాళ్ళ వాచీలు జేబుకు పిన్నుతో తలకిందులుగా వేళ్ళాడుతుంటాయి. మణికుమారి కూడా బ్యాండును అలవాటుగా యూనిఫాం జేబుకే పిన్ను పెట్టుకుంది. ఇంటికొచ్చి యూనిఫాం విప్పి, బాత్రూంలో వాషింగ్ మెషీన్లో పడేసి, నైటీ వేసుకుని మంచమెక్కింది.

కాసేపటికి జెరెమియా సైట్ నుంచి తల్లికి ఫోను చేశాడు.

"అమ్మా, మణి బాత్రూంలోంచి బయటికి రావట్లేదు. ఒకసారి తలుపు కొట్టి చూడు."

"అది పడుకుందిరా."

"బాత్రూంలోనా?"

"మంచం మీద. గురక కూడా వినపడతంది."

"ఇల్లు మాత్రం బాత్రూమనే చూపిస్తోందమ్మా."

"ఇల్లు చూపించేదేంటిరా, నేను కళ్ళతో చూత్తుంటే?"

కొడుకు బతిమాలేసరికి ఆవిడ వెళ్ళి బాత్రూం తలుపు తట్టింది. ఫోను తలుపు దగ్గర పెట్టి మరీ వినిపించింది.

"లోపల గిర్రున తిరుగుతుందిరా నీ పెళ్ళాం. ఇంకాసేపట్లో ఆరేత్తాను."

ఆ తరవాత ఆయన, ఇంటికి రాగానే చేతికి కట్టుకోమన్నాడు. కట్టుకుంది. మణికుమారి చెయ్యి తలకింద పెట్టుకుని పడుకునే మనిషి. మనిషి ఒంట్లో ఎక్కువభాగం నీళ్ళేనట. నీళ్ళు ఈ బ్యాండు అరుపును మింగేస్తాయట. ఆవిడ చెయ్యి కిందికి పోయేలా ఒత్తిగిలిందో లేదో, ఆవిడ బయటికెళ్ళిపోయిందని ఇల్లు అనుకుంది. ఏసీ ఆగింది, మిక్సీ మొదలైంది. మంచం మధ్యలో పడుకున్న మనిషిని ఇంట్లో లేదని తేల్చడానికి ఇంత కరెంటు అక్కర్లేదు, కొంతమంది మొగుళ్ళు ఉత్తినే చేస్తారు.

చివరికి దారి ఆవిడే కనిపెట్టింది. బ్యాండును చీలమండకు కట్టుకుంది.

"ఒంటికాలికి పట్టీ ఏంటమ్మా, మేకకి కట్టినట్టు?" అంది అబిగైల్.

"ఇది కాలికుంటే ఏసీ వస్తుంది అత్తయ్యగారూ. మెళ్ళో గంట కడితే వస్తుందన్నా కట్టుకుంటాను."

కాలు ఎటు తిప్పినా దుప్పటి బయటికే ఉంటుంది కాబట్టి అరుపు వినపడింది. ఇల్లు కుదుటపడింది. మణికుమారి పొద్దున్న పడుకుంటే సాయంత్రందాకా కదిలేది కాదు. కళ్ళకింద నలుపు తగ్గింది. వార్డులో జూలీ అనే కుర్ర తెలుగు నర్సు, "అక్కా, ఏం క్రీము రాస్తున్నావు?" అని అడిగింది. అబిగైల్ కూడా పచ్చడి పొద్దున్నే, కోడలి బస్సు రాకముందే రుబ్బేసుకోవడం మొదలుపెట్టింది. కొన్ని వారాలు అలా గడిచాయి. ఆవిడ జీవితంలో స్వర్ణయుగం అదే.

దాన్ని చెడగొట్టింది ప్రార్థన.

గల్ఫులో మనవాళ్ళకు ఆదివారం శుక్రవారం వస్తుంది. సెలవు ఆరోజే మరి. బర్కా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు కొన్ని శుక్రవారం పొద్దున ఒకరింట్లో కూడి ప్రార్థన చేసుకుని, కలిసి భోంచేస్తాయి. ఆ ప్రార్థనకు పెద్ద నతానియేల్ గారు. ఒక బిల్డింగు కంపెనీలో ఫోర్‌మన్. ప్రార్థన ఎప్పుడూ ఆయనింట్లోనే. ఆ మే నెలలో ఆయన భార్య పిల్లల్ని తీసుకుని ఊరెళ్ళడంతో పొయ్యి వెలిగించే మనిషి లేక, ఎండాకాలమంతా ప్రార్థన జెరెమియా ఇంట్లో పెట్టుకుందామన్నారు. జెరెమియా పొంగిపోయాడు. తెలివైన ఇంటిని జనానికి చూపించుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

గురువారం రాత్రంతా నైట్ డ్యూటీ చేసి వచ్చే మణికుమారికి గుండెల్లో రాయి పడింది. ఎండాకాలమంటే బర్కాలో చిన్నది కాదు.

నతానియేల్ గారిది చిన్న గొంతు, పెద్ద ప్రార్థన. అందుకని ఎక్కడికెళ్ళినా తన వెంట ఒక చిన్న స్పీకరు, మైకు తెచ్చుకుంటారు. వచ్చినవాళ్ళతో మొదలుపెట్టి, వాళ్ళ ఇళ్ళలోవాళ్ళు, వాళ్ళ ఊళ్ళు, జిల్లాలు వరసగా వేసుకుంటూ వెళ్ళి, ప్రపంచ దేశాధినేతల దగ్గర ముగిస్తారు. రాష్ట్రం విడిపోయాక ప్రార్థన ఇంకా పెరిగింది. ముఖ్యమంత్రులు ఇద్దరయ్యారు కదా. ఆయన ఆమెన్ అనేసరికి బిర్యానీ చల్లారి నెయ్యి పేరుకుంటుంది. ఎవరూ ఏమీ అనరు. ప్రార్థన ఎక్కువైందని అనడానికి మన సమాజంలో మర్యాదైన మాట ఇంకా పుట్టలేదు.

స్పీకరు పెట్టాల్సింది టీవీ ఉన్న ప్లగ్గుకే. మణికుమారి పడకగదిలో ఉంటే ఆ ప్లగ్గు చచ్చిపోతుంది. జెరెమియాకు ఈ సంగతి గురువారం సాయంత్రం తట్టింది.

"మణీ, రేపు ఒక్కరోజు నీ బ్యాండు వంటింట్లో మేకుకి తగిలించు."

"ఆ రూలేదో తీసేయొచ్చు కదండీ."

"తీశాను. తీస్తే బాత్రూం గీజరు వెలుగుతోంది. ఎందుకో తెలియట్లేదు."

"మరి బ్యాండు వంటింట్లో ఉంటే నా గదిలో ఏసీ ఎలా తిరుగుతుంది?"

జెరెమియా గడ్డం గోక్కున్నాడు. "ఒక్కరోజేగా. పైగా ఇంటావిడ పడుకుని ఉంటే ప్రార్థన పెట్టుకున్నారేంటని వాళ్ళనుకోరూ?"

సంగతి అది. పరువు కావాలంటే ఉక్క భరించాలి. చల్లదనం కావాలంటే పరువు వదులుకోవాలి. మణికుమారి మొదటి శుక్రవారం పరువు వైపు మొగ్గింది. బ్యాండు వంటింట్లో తగిలించి, తలుపేసుకుని, ఏసీ లేని గదిలో పడుకుంది.

హాల్లో కిటికీలు మూసి ప్రార్థన మొదలుపెట్టారు. మధ్యలో నతానియేల్ గారు అడిగారు. "సిస్టరు గారు కనపడట్లేదేంటి బ్రదర్?"

జెరెమియా ఫోను తీసి చూపించాడు. తెర మీద ఇంటి పటం, అందులో వంటింటి గడిలో మణి అని పేరు.

"వంటింట్లో ఉందండీ."

"చూశారా," అన్నారాయన అందరివైపు తిరిగి. "రాత్రంతా రోగుల సేవ. తెల్లారితే మనకోసం వంట." మైకు అందుకుని ఆ వంట చేస్తున్న చేతుల కోసం ప్రత్యేకంగా, తీరిగ్గా ప్రార్థన చేశారు. గోడకవతల మణికుమారి తలగడ తడిసి ముద్దయిపోగా, తన చేతుల్ని గురించి మైకులో వింటూ పడుకుంది. వంటింట్లో ఎవరూ లేని గోడకు లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. తెల్లవారుజామునే లేచి అంతమందికీ బిర్యానీ వండిన అబిగైల్ హాల్లో చాప మీద కూర్చుని, తన బిర్యానీ కోడలి ఖాతాలో పడిపోతుంటే కళ్ళు మూసుకుని పళ్ళు నూరుకుంటోంది. కళ్ళు మూసుకుంది కాబట్టి అందరూ భక్తి అనుకున్నారు.

మర్నాడు పొద్దున్న బస్సులో జూలీ పక్కన కూర్చుంది.

"అక్కా, రాత్రి చార్టు పట్టుకుని నిలబడే నిద్రపోయావు. మూలమంచం జాలరి తాత ఏమన్నాడో తెలుసా? 'సిస్టర్, నువ్వు పడుకో, ఎవరైనా పిలిస్తే నేను లేస్తాను' అన్నాడు."

"ఏ భాషలో అన్నాడు?"

"అరబ్బీలోనే."

"మంచివాడు," అంది మణికుమారి. రోగి నర్సు బదులు డ్యూటీ చేయడం మంచితనమే కావచ్చు. వార్డుకు మాత్రం మంచిది కాదు. మోతాదులు చూసి ఇంజెక్షన్ చేయాల్సిన చెయ్యి తనది. ఇలా ఎండాకాలమంతా గడిచే పని కాదని ఆవిడకు ఆ బస్సులోనే తేలిపోయింది.

తరవాతి గురువారం డ్యూటీకి బయల్దేరుతూ జోళ్ళు వేసుకుంటుంటే అత్తగారు వచ్చి పక్కన నిలబడింది.

"మణీ, రేపు ఆ కాలిది ఏం చేత్తావు?"

"వంటింట్లో తగిలించమన్నారండి మీ అబ్బాయి."

"తగిలించావంటే ఊరుకోను. నీ కాలిది నీ కాలికే ఉండాల. నా బిర్యానీ నాకుండాల."

మణికుమారి తలెత్తి చూసింది. "మైకు ఆగిపోద్ది అత్తయ్యగారూ."

"ఆగనీ. నేను చూసుకుంటాను. నువ్వు పడుకో."

అత్తాకోడళ్ళ మధ్య ఒప్పందాలు ప్రేమ వల్ల కుదురుతాయని చెప్పేవాళ్ళను నమ్మకండి. ఇది బిర్యానీ వల్ల కుదిరింది. అందుకే గట్టిగా నిలబడింది.

శుక్రవారం మణికుమారి బస్సు దిగి, స్నానం చేసి, చీర కట్టుకుని హాల్లోకొచ్చింది. వచ్చినవాళ్ళందరికీ వందనాలు చెప్పింది. బ్యాండు కాలికే ఉంది. ఆవిడ హాల్లోనే ఉంది కాబట్టి స్పీకరు చక్కగా పలికింది. పాటలయ్యాయి. నతానియేల్ గారు లేచి నిలబడి, మైకు సర్దుకుని, అందర్నీ కళ్ళు మూసుకోమన్నారు. అందరూ మూసుకున్నారు. మణికుమారి లేచి పడకగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అబిగైల్ కుర్చీ లాక్కుని ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

నతానియేల్ గారు హాజరైనవాళ్ళను దాటి, వాళ్ళ కుటుంబాలను దాటి, పశ్చిమ గోదావరి జిల్లా మధ్యలో ఉండగా మైకు టప్పుమని ఆగిపోయింది. ఆయన నోరు కదులుతోంది, మాట వినపడటం లేదు. ఒకరొకరే కళ్ళు తెరిచారు. కరెంటు పని తెలిసినవాడు కాబట్టి అందరూ జెరెమియా వైపు చూశారు. జెరెమియా ప్లగ్గు దగ్గరికి వెళ్ళలేదు. ఫోను చూసుకున్నాడు. పడకగది గడిలో మణి అని కనపడుతోంది.

అతను వంగుని తల్లి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఒకసారి లే."

"మోకాళ్ళు పట్టేశాయిరా."

"మణి పడుకుందా?"

"పడుకుంది."

"బ్యాండు వంటింట్లో పెట్టమన్నానుగా."

"వంటింట్లో ఉన్నది నేను. తెల్లారుజాము నుంచీ నేనే. బ్యాండు లేదు కాబట్టి నీ ఇంటికి నేను కనపడను గానీ, ఈళ్ళందరూ తినేది నేను వండిందే."

గుసగుసలే గానీ, మైకు ఆగిపోయిన గదిలో గుసగుస కూడా ఉపన్యాసంలా వినపడుతుంది. నతానియేల్ గారు ఇటు తిరిగారు.

"ఏమైంది బ్రదర్?"

జెరెమియా నోరు తెరిచాడు. ఫ్యూజు పోయిందనేవాడే. తల్లి అందుకుంది.

"కోడలు పడుకుందండీ. రాత్రంతా డ్యూటీ చేసొచ్చింది. అది పడుకుంటే ఈ ఇంట్లో కరెంటు కూడా నోరు మూసుకోవాలని మావోడే రాశాడు. ఇందులో మైకు తప్పు లేదు."

చాప మీద ఎవరో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రార్థనకొచ్చిన జూలీ తల వంచుకుని పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నతానియేల్ గారు చేతిలోని మైకు కేసి చూశారు, మూసిన తలుపు కేసి చూశారు. ఆయన ఫోర్‌మన్ కూడా. షిఫ్టు మనుషుల్ని నిద్ర లేపితే సైట్‌లో ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. మైకు కింద పెట్టి, సొంత గొంతుతోనే అందుకున్నారు.

ఆ గొంతు పశ్చిమ గోదావరి దాటింది. తూర్పు గోదావరి దగ్గర బొంగురుపోయింది. ఇద్దరు ముఖ్యమంత్రుల్ని ఒకే వాక్యంలో కలిపేసి, ఆయన గటుక్కున ఆమెన్ అనేశారు. ప్రపంచ దేశాధినేతలు ఆ వారం ప్రార్థన లేకుండానే గడిపారు. వాళ్ళకేమీ కాలేదు.

బిర్యానీ మూత తీస్తే ఆవిరి వచ్చింది. ఇన్నేళ్ళుగా శుక్రవారం భోజనాల్లో ఆవిరి చూసినవాళ్ళెవరూ లేరు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న ఒకాయన, "ఇది ఎవరు చేశారండీ?" అని నెమ్మదిగానే అడిగాడు. లోపల సిస్టరు పడుకుంది కదా.

"నేనే," అంది అబిగైల్. ఆవిడ కూడా నెమ్మదిగానే అంది, కానీ రెండుసార్లు అంది.

గొంతు తడారిన నతానియేల్ గారికి వేడినీళ్ళలో ఉప్పు కలిపి ఆవిడే ఇచ్చింది. ఆయన పుక్కిలించి వచ్చి గోడ గడియారం చూసుకుని, తన కళ్ళను తానే నమ్మలేనట్టు మళ్ళీ చూసుకున్నారు. ఇంటికెళ్ళి ఒక కునుకు తీయడానికి బోలెడు పొద్దుంది. చెప్పులు వేసుకుంటుంటే జూలీ జెరెమియాను పక్కకు పిలిచింది.

"అన్నయ్యా, వచ్చే శుక్రవారం కూడా అక్కకి నైటే కదా?"

"అవును. ఏం?"

"ఏం లేదు. అడిగాను."

ఆ మాట ఇంకా కొందరు అడిగారు. అందరూ ఏం లేదనే అన్నారు. జెరెమియా ఆ వారమంతా రూలును మార్చకుండా వదిలేశాడు. ఎవరైనా మర్యాదకు మైకు సంగతేంటని కదిపితే, చాలా కష్టమైన సమస్య అని చెప్పాడు. అదీ నిజమే. అలా శుక్రవారాలు ఒకదాని వెనక ఒకటి పొట్టివైపోయాయి. మణికుమారి వందనాలు చెప్పడం, కళ్ళు మూసుకోగానే మాయమవడం, జిల్లాల మధ్యలో మైకు ఆగడం ప్రార్థనలో ఒక భాగంలా కుదిరిపోయాయి. కొంతమంది కళ్ళు పూర్తిగా మూసుకోవడం కూడా మానేశారు. ఆవిడ లేచిందో లేదో చూసుకోవాలి కదా.

తరవాతి నెల డ్యూటీలు వేస్తూ మేట్రన్ దయతలచి మణికుమారికి గురువారాలు సెలవిచ్చింది. ఈ వార్త జూలీ ద్వారా బర్కా అంతా పాకింది. ఆ శుక్రవారం జనం మొహాలు దిగులుగా ఉన్నాయి. రాత్రంతా హాయిగా పడుకున్న మణికుమారి, తెల్లగా తేటగా హాల్లో అందరికంటే ముందు కూర్చుంది. లేచి వెళ్ళడానికి ఆవిడ దగ్గర కారణం లేదు. పాటలైపోయాయి. నతానియేల్ గారు లేచి నిలబడ్డారు. మైకు తీశారు, కాసేపు చేతిలో తిప్పారు, ఆవిడ వైపు చూశారు.

"సిస్టరు గారూ, మీరు పడుకోలేదా?"

"రాత్రి డ్యూటీ లేదండి."

"డ్యూటీ లేకపోతే పడుకోకూడదని ఎక్కడుందమ్మా?" అన్నారాయన.

పెద్దల మాట కాదనడం మణికుమారికి అలవాటు లేదు. లేచి వెళ్ళి తలుపేసుకుంది.